ఆస్ట్రేలియా ఎల్‌ఎల్‌ఎం: పట్టా వస్తుంది, నల్లకోటు రాదు

లాసెట్, పీజీఎల్‌సెట్ కౌన్సెలింగ్ రోజుల్లో న్యాయవిద్యార్థుల మధ్య ఏటా ఒకే ప్రశ్న లేస్తుంది. ఇక్కడ రెండేళ్లు ఎల్‌ఎల్‌ఎం చదివే బదులు ఆస్ట్రేలియాలో ఏడాదిలో ముగించుకుంటే పోలేదా అని. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: ఆ పట్టాతో అక్కడే లాయరుగా స్థిరపడొచ్చు కదా? మొదటి ప్రశ్నకు జవాబు ఎవరు వెళ్తున్నారు, ఏం చదవడానికి వెళ్తున్నారు అన్నదాన్ని బట్టి మారుతుంది. రెండోదానికి జవాబు ఒక్కటే: ఆ పట్టా ఒక్కదానితో కుదరదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి విమానం ఎక్కే ముందు వీటిని విడదీసి చూసుకోవాల్సింది మాత్రం విద్యార్థే.

తెలుగునాట విదేశీ చదువంటే ఏళ్లుగా ఒకటే నమూనా. ఇంజినీరింగ్ పూర్తవుతుంది, ఎంఎస్‌కు వెళ్తారు, చదువయ్యాక పనిచేసుకునే వీసా దొరుకుతుంది, ఆ గడువులో ఉద్యోగం వెతుక్కుంటారు. ఈ కొలతతో న్యాయవిద్యను కొలిస్తే లెక్క తప్పుతుంది. హైదరాబాద్‌లో నేర్చిన ప్రోగ్రామింగ్ సిడ్నీలోనూ పనిచేస్తుంది. హైదరాబాద్‌లో నేర్చిన సివిల్ ప్రొసీజర్ కోడ్ సిడ్నీ కోర్టులో పనికిరాదు. పైగా వకీలు వృత్తి దాదాపు ప్రతి దేశంలోనూ ఏదో ఒక నియంత్రణ సంస్థ చేతిలో ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆ అధికారం రాష్ట్రాలది. 2015 జులై 1 నుంచి న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా ఒకే ఉమ్మడి వృత్తి చట్టం కిందికి వచ్చాయి, 2022లో పశ్చిమ ఆస్ట్రేలియా వాటితో చేరింది. అయినా లాయర్ల జాబితాలో పేరు ఎక్కించేది ఇప్పటికీ ఆయా రాష్ట్రాల సుప్రీంకోర్టులే. మన హైకోర్టుకు సమానమైన కోర్టును అక్కడ సుప్రీంకోర్టు అంటారు.

ఆ జాబితాలోకి వెళ్లే దారి ఇలా ఉంటుంది. ముందు అక్కడి గుర్తింపు ఉన్న న్యాయపట్టా కావాలి. అది ఎల్‌ఎల్‌బీ కావచ్చు, లేదా వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసినవాళ్లు చదివే మూడేళ్ల జూరిస్ డాక్టర్, అంటే జేడీ కావచ్చు. పేరులో డాక్టర్ ఉన్నా అది మాస్టర్స్ స్థాయి పట్టానే. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం 2008లో ఎల్‌ఎల్‌బీని వదిలి జేడీకే మళ్లింది. ఎల్‌ఎల్‌బీ అయినా జేడీ అయినా పదకొండు సబ్జెక్టులు తప్పనిసరి. నేర చట్టం, టార్ట్స్, కాంట్రాక్టులు, ఆస్తి చట్టం, ఈక్విటీ, కంపెనీ చట్టం, పరిపాలన చట్టం, ఫెడరల్, రాష్ట్ర రాజ్యాంగ చట్టం, సివిల్ ప్రొసీజర్, సాక్ష్యం, వృత్తి నీతి. 1992లో జస్టిస్ ప్రీస్ట్‌లీ నేతృత్వంలోని కమిటీ ఖరారు చేసింది కనుక వీటిని అక్కడ ‘ప్రీస్ట్‌లీ లెవెన్’ అంటారు. వాటి తర్వాత ప్రాక్టికల్ శిక్షణ, ఆ తర్వాత కోర్టు ముందు ప్రమాణం, తర్వాత ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్, మొదటి రెండేళ్లూ సీనియర్ పర్యవేక్షణలో పని.

ఈ వరుసలో ఎల్‌ఎల్‌ఎం ఎక్కడా లేదు. అది అప్పటికే న్యాయపట్టా ఉన్నవాళ్లు ఒక రంగంలో లోతుకు వెళ్లడానికి పెట్టిన కోర్సు. సాధారణంగా ఎనిమిది సబ్జెక్టులు, ఏడాది కాలం. అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, పన్నులు, గనులు, ఇంధనం, మేధోసంపత్తి, మానవ హక్కులు, సముద్ర చట్టం వంటివి ఉంటాయి. మెల్‌బోర్న్ వంటి చోట ఒక్కో సబ్జెక్టును వారం రోజులపాటు పొద్దస్తమానం బోధించి, తర్వాత పరిశోధన పత్రం రాయిస్తారు. పనిచేస్తున్న లాయర్లు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి కూర్చునే తరగతులవి. ఆ గదిలో పక్కన కూర్చునేవాళ్ల అనుభవమే సగం చదువు. ప్రీస్ట్‌లీ సబ్జెక్టులు మాత్రం ఆ ఐచ్ఛికాల్లో సాధారణంగా ఉండవు. ఎల్‌ఎల్‌ఎం ఎంత పెద్ద విశ్వవిద్యాలయం నుంచి వచ్చినా, ఎంత మంచి మార్కులతో వచ్చినా, కోర్టు జాబితాకు ఒక్క మెట్టు కూడా దగ్గర చేయదన్నది కోర్సుల కరపత్రాల్లో పెద్దక్షరాలతో కనిపించని విషయం.

మన ఎల్‌ఎల్‌బీ ఉన్నవాళ్లకు అసలు దారి వేరే ఉంది. విక్టోరియాలో విక్టోరియన్ లీగల్ అడ్మిషన్స్ బోర్డు, న్యూ సౌత్ వేల్స్‌లో లీగల్ ప్రొఫెషన్ అడ్మిషన్ బోర్డు విదేశీ పట్టాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, పదకొండింటిలో ఏవి సరిపోయాయో, ఏవి మళ్లీ చదవాలో చెబుతాయి. మనదీ కామన్ లా సంప్రదాయమే కనుక కాంట్రాక్టులు, టార్ట్స్ వంటివి గట్టెక్కే అవకాశం ఎక్కువ. ఆస్ట్రేలియా ఫెడరల్ రాజ్యాంగం, అక్కడి ఆస్తి చట్టం, వృత్తి నీతి వంటివి మన సిలబస్‌లో దొరకవు కనుక వాటిని చదవక తప్పదు. వాటిని విశ్వవిద్యాలయంలో విడి సబ్జెక్టులుగా చదవొచ్చు. న్యూ సౌత్ వేల్స్ బోర్డు ఇచ్చే డిప్లొమా ఇన్ లా కూడా ఉంది. ఎల్‌ఎల్‌ఎం కంటే ఇది ఆకర్షణ తక్కువ దారి. చేతికి కొత్త పట్టా రాదు, స్నాతకోత్సవం ఫొటో ఉండదు. వృత్తికి తీసుకెళ్లేది మాత్రం ఇదే.

వీసా దగ్గర ఇంతకంటే పెద్ద మెలిక ఉంది. చదువు తర్వాత ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే సబ్‌క్లాస్ 485 వీసా గురించి మనవాళ్లకు బాగా తెలుసు. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన భారత్–ఆస్ట్రేలియా ఆర్థిక సహకార, వాణిజ్య ఒప్పందం వల్ల మాస్టర్స్ చేసిన భారతీయులకు ఈ వీసా మూడేళ్ల వరకు దొరుకుతుందన్నదీ తెలుసు. తెలియనిది, చెప్పనిది ఒకటుంది. ఆ వీసాకు అర్హత రావాలంటే ఆస్ట్రేలియాలో కనీసం రెండు విద్యాసంవత్సరాల చదువు ఉండాలి, అంటే 92 వారాలకు నమోదైన కోర్సు. ఏడాది ఎల్‌ఎల్‌ఎం అందులో సుమారు సగం. ఒప్పందం వీసా కాలాన్ని పెంచింది తప్ప ఈ షరతును ఎత్తేయలేదు. 2024 జులై నుంచి కోర్సు పట్టాలవారికి వయోపరిమితిని కూడా 35 ఏళ్లకు కుదించారు. పదేళ్లు బార్‌లో పనిచేసి చదువుకు వెళ్లాలనుకునే లాయరును ఆ నిబంధన తలుపు దగ్గరే ఆపేస్తుంది. ఇక శాశ్వత నివాసానికి సాలిసిటర్ వృత్తి కింద దరఖాస్తు చేయాలంటే నైపుణ్యాన్ని ధ్రువీకరించేది ఆ రాష్ట్ర లీగల్ అడ్మిషన్ వ్యవస్థే. అంటే ముందు లాయరు కావాలి, తర్వాతే వలస. ఎల్‌ఎల్‌ఎం రెండింటికీ సాయపడదు.

మిగతా ఇంగ్లిష్ దేశాలతో పోలిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కెనడాలో విదేశీ న్యాయపట్టాలను నేషనల్ కమిటీ ఆన్ అక్రెడిటేషన్ పరిశీలించి లోటు సబ్జెక్టులు చెబుతుంది, ఇంతవరకూ ఆస్ట్రేలియా లాగే. అయితే ఆ లోటు పూడ్చడానికే కూర్చిన ఎల్‌ఎల్‌ఎం కోర్సులను అక్కడి విశ్వవిద్యాలయాలు నడుపుతున్నాయి. టొరంటోలోని ఆస్గుడ్ హాల్ లా స్కూల్ అందుకు పేరుపడ్డది. పైగా 2024 ఫిబ్రవరి నుంచి రెండేళ్లలోపు మాస్టర్స్‌కు కూడా మూడేళ్ల వర్క్ పర్మిట్‌కు అక్కడ వీలు కల్పించారు. న్యూయార్క్‌లో కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ నిబంధన 520.6 ప్రకారం కామన్ లా దేశాల పట్టాలో కొరత ఉంటే 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం దాన్ని పూడుస్తుంది, బార్ పరీక్ష రాయనిస్తారు. పరీక్ష పాసైనా ఏడాది ప్రాక్టికల్ ట్రైనింగ్ తర్వాత హెచ్‌–1బి లాటరీ ముందు నిలబడాల్సిందే, అది వేరే కథ. ఇంగ్లండ్ 2021లో సాలిసిటర్స్ క్వాలిఫయింగ్ ఎగ్జామినేషన్ తెచ్చి ఎల్‌ఎల్‌ఎంతో సంబంధమే లేకుండా చేసింది. ఏ దేశంలో డిగ్రీ చదివినా ఆ పరీక్షలు పాసై పని అనుభవం చూపితే చాలు, విదేశీ లాయర్లకు ఆ అనుభవం విషయంలో మినహాయింపు కూడా ఉంది. ఈ నాలుగింట్లో ఎల్‌ఎల్‌ఎంకూ వృత్తికీ, ఎల్‌ఎల్‌ఎంకూ వీసాకూ రెండు వైపులా తెగిపోయింది ఆస్ట్రేలియాలోనే.

దీనిపై వాదనలు రెండు రకాలుగా ఉన్నాయి. అక్కడి వృత్తి సంస్థలు చెప్పేది కక్షిదారుల రక్షణ. లాయరు చేతిలో పరాయి సొమ్ము ట్రస్టు ఖాతాలో ఉంటుంది, కోర్టు పట్ల బాధ్యత ఉంటుంది, అక్కడి రాజ్యాంగం, ఆస్తి చట్టం తెలియనివాడికి వాటిని అప్పగించలేమన్నది వారి మాట. అందులో న్యాయం ఉంది. రెండో వాదన ఇదంతా సొంత మార్కెట్‌ను కాపాడుకునే ఎత్తుగడ అని. అక్కడి న్యాయ కళాశాలల నుంచి వచ్చేవారు ఉద్యోగాల కంటే ఎక్కువైపోయారన్న చర్చ ఏళ్లుగా ఉన్నదే కనుక ఈ వాదననూ కొట్టిపారేయలేం. అయితే ఈ రెండో వాదన మన నోట వినడానికి అంత బాగుండదు. విదేశీ లాయర్లకు దేశంలో ప్రాక్టీసు చేసే వీలు లేదని, అప్పుడప్పుడూ వచ్చి సలహా ఇచ్చి వెళ్లడం వరకే కుదురుతుందని సుప్రీంకోర్టు 2018లో ఎ.కె. బాలాజీ కేసులో తేల్చింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2023 మార్చిలో నోటిఫై చేసిన నిబంధనలు తలుపు కొంచెం తెరిచినా, రిజిస్ట్రేషన్ లేకుండా వచ్చి వెళ్లే విదేశీ లాయరుకు ఏడాదిలో 60 రోజులే గడువు పెట్టాయి. ఆస్ట్రేలియా ఉమ్మడి చట్టంలో ఆ గడువు 90 రోజులు. భారతీయ న్యాయవాది అక్కడ విదేశీ లాయరుగా నమోదై, కోర్టు మెట్లెక్కకుండా, భారత చట్టంపై సలహాలు ఇచ్చుకోవచ్చు కూడా. ఈ నమోదుకు ప్రీస్ట్‌లీ సబ్జెక్టులు అక్కర్లేదు. తెలుగు లాయర్లలో దీని గురించి చర్చే లేకపోవడం విచిత్రం.

ఖర్చు సంగతి. పేరున్న విశ్వవిద్యాలయాల్లో ఎల్‌ఎల్‌ఎం ట్యూషన్ ఫీజు విదేశీ విద్యార్థులకు 40 వేల నుంచి 60 వేల ఆస్ట్రేలియన్ డాలర్ల మధ్య ఉంటుంది. మధ్యస్థంగా 50 వేలు అనుకుని, డాలరును 58 రూపాయలుగా లెక్కిస్తే 29 లక్షలు. వీసా కోసం చూపించాల్సిన ఏడాది జీవన వ్యయం 2024 మే నుంచి 29,710 డాలర్లు, అంటే 17 లక్షల పైమాట. వీసా రుసుము 2024 జులైలో 710 నుంచి 1,600 డాలర్లకు, 2025 జులైలో 2,000 డాలర్లకు ఎగబాకింది. ఆ డబ్బు వీసా రాకపోయినా తిరిగిరాదు. విమానం, ఆరోగ్య బీమా కలుపుకోకుండానే 47 లక్షలు దాటింది. ఇందులో 40 లక్షలు అప్పు చేసి, 10.5 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలనుకుంటే నెల వాయిదా సుమారు 54 వేల రూపాయలు. తిరిగొచ్చి జిల్లా కోర్టులో జూనియర్‌గా చేరేవారికి సీనియర్లు ఎంత ఇవ్వాలో 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఒక సూచన చేసింది: పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు. అదీ సూచనే. చదువుకుంటూ పక్షానికి 48 గంటలు పనిచేసుకోవచ్చన్న వెసులుబాటు అద్దెకూ తిండికీ ఆసరా అవుతుందే తప్ప ఫీజుకు చాలదు. మూడేళ్ల జేడీ అయితే ఇదే లెక్కన కోటిన్నరకు దగ్గరవుతుంది. కాకపోతే జేడీకి పదకొండు సబ్జెక్టులూ ఉంటాయి, 92 వారాల షరతూ తీరుతుంది. డబ్బున్న కుటుంబాలకు, అక్కడే లాయరు కావాలన్న పట్టుదల ఉంటే, జేడీ నిజాయితీ గల ఖర్చు. ఎల్‌ఎల్‌ఎంను జేడీకి చౌక ప్రత్యామ్నాయంగా చూడటమే అసలు పొరపాటు.

సరే, తిరిగొస్తామనుకునేవారి సంగతేమిటి? లా కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం లక్ష్యంగా ఎల్‌ఎల్‌ఎం చేసేవారు మన దగ్గర చాలామంది. వారికి ఈ విదేశీ పట్టా ఇక్కడి ఎల్‌ఎల్‌ఎంకు సమానమా కాదా అన్నది తేలాలి. తేలలేదు. దేశంలో ఏడాది ఎల్‌ఎల్‌ఎంను 2013లో అనుమతించింది యూజీసీయే. బార్ కౌన్సిల్ 2020 నాటి నిబంధనలను 2021 జనవరిలో గెజిట్‌లో ప్రచురించి, ఏడాది ఎల్‌ఎల్‌ఎంను రద్దు చేస్తామంది. విదేశీ ఏడాది ఎల్‌ఎల్‌ఎంను భారత ఎల్‌ఎల్‌ఎంతో సమానంగా చూడాలంటే ఉన్నత గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి వచ్చి ఉండాలని, పైగా భారత విశ్వవిద్యాలయంలో కనీసం ఏడాది విజిటింగ్ బోధన చేసి ఉండాలని మెలిక పెట్టింది. సమానమైన ఎల్‌ఎల్‌బీ లేకుండా చేసిన విదేశీ ఎల్‌ఎల్‌ఎంను గుర్తించబోనంది. దీనిపై నేషనల్ లా యూనివర్సిటీల కన్సార్షియం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ఏడాదికి అమలు చేయబోమని బార్ కౌన్సిల్ కోర్టుకు చెప్పింది. ఆ తర్వాత కూడా విషయం ఒక కొలిక్కి రాలేదు.

ఈ సందిగ్ధాన్ని తీర్చగలిగిన రెండు సందర్భాలు చేతికందీ జారిపోయాయి. 2023 మార్చి 2న రెండు దేశాల విద్యామంత్రులు అర్హతల పరస్పర గుర్తింపు యంత్రాంగంపై సంతకాలు చేశారు. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయం వృత్తుల నమోదును అందులోంచి మినహాయించారు. 2025 ఏప్రిల్‌లో యూజీసీ విదేశీ పట్టాల సమానత్వంపై కొత్త నిబంధనలు తెచ్చింది, అవీ న్యాయశాస్త్రం వంటి వృత్తి విద్యలకు వర్తించవన్నాయి. మిగిలింది బార్ కౌన్సిల్. దాని నిబంధనలేమో వివాదంలో ఉన్నాయి. ఫలితంగా తెలుగు రాష్ట్రాల్లో నోటిఫికేషన్ వెలువడినప్పుడు విదేశీ ఎల్‌ఎల్‌ఎం ఉన్న అభ్యర్థిని దరఖాస్తు చేయనిచ్చేదీ లేనిదీ ఆ విశ్వవిద్యాలయం, ఆ సెలెక్షన్ కమిటీ మీద ఆధారపడుతోంది. బార్ కౌన్సిల్ చెప్పే నాణ్యత మాట కొట్టిపారేసేది కాదు. న్యాయపట్టా లేనివారినీ చేర్చుకునే కోర్సులు విదేశాల్లో ఉన్నాయి, ఏడాదిలో రెండు సెమిస్టర్లు హడావుడిగా ముగించేవీ ఉన్నాయి. అయితే నాణ్యతను కోర్సు కాలంతో కొలవడం తర్కానికి నిలవదు. మన రాష్ట్రాల్లో రెండేళ్ల ఎల్‌ఎల్‌ఎం నడిపే కళాశాలల్లో హాజరు, గ్రంథాలయం, బోధకుల పరిస్థితి తెలిసినవారెవరూ ఆ కొలతను గట్టిగా పట్టుకోరు.

ఇంత చెప్పాక, అయితే వెళ్లొద్దా అంటే, సరైన ప్రశ్నతో వెళ్లేవారికి ఆస్ట్రేలియా అంత మంచి చోటు తక్కువ. తెలుగు రాష్ట్రాలను కుదిపేసిన చట్ట వివాదాలు కొన్నింటికి మూలం అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చి, న్యాయవాదుల కోర్టు బహిష్కరణలకు, 2024 ఎన్నికల్లో ప్రధాన ప్రచారాంశానికి కారణమై, ప్రభుత్వం మారగానే రద్దయింది. దాని వెనకున్న ఆలోచన 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ తెచ్చిన చట్టానిది. మన రిజిస్ట్రేషన్ చట్టం పత్రాన్ని నమోదు చేస్తుంది, హక్కుకు పూచీ పడదు. టారెన్స్ పద్ధతిలో హక్కు నమోదు నుంచే పుడుతుంది, నష్టపోయినవారికి హామీ నిధి నుంచి పరిహారం ఉంటుంది. మోసపూరిత నమోదు జరిగితే ఏమవుతుందన్నదానిపై ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 1971లో బ్రెస్క్‌వర్ కేసులో ఇచ్చిన తీర్పు చుట్టూ అర్ధశతాబ్దపు వాదోపవాదాలున్నాయి. మన దగ్గర అసెంబ్లీలోనూ వీధుల్లోనూ జరిగిన రచ్చలో ఈ అనుభవం ప్రస్తావనకే రాలేదు. సివిల్ కోర్టుల పరిధిని తప్పించడం టారెన్స్ లక్షణమేమీ కాదని, అది మన చట్టం రాసినవాళ్ల సొంత చేర్పు అని గట్టిగా చెప్పగలిగిన నిపుణులు పదిమంది ఉన్నా చర్చ వేరేగా సాగేది. తెలంగాణలో ధరణి పోయి 2025లో భూభారతి చట్టం వచ్చినా, హక్కుకు పూచీ ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంది.

నీళ్ల సంగతీ అంతే. నాలుగు రాష్ట్రాల మీదుగా, రాజధాని ప్రాంతాన్ని కలుపుకుని విస్తరించిన మర్రే–డార్లింగ్ పరీవాహకంలో దీర్ఘకాల కరవు నేపథ్యంలో ఆస్ట్రేలియా 2007లో జలచట్టం, 2012లో బేసిన్ ప్రణాళిక తెచ్చింది. నీటి హక్కును అంతకుముందే భూమి నుంచి విడదీసి కొనుగోలు, అమ్మకాలకు వీలు కల్పించింది, నదికి కూడా వాటా కేటాయించింది. ఆ పద్ధతి మన రైతుకు సరిపోతుందని నేననను. నీటిని సరుకు చేస్తే చివరి ఆయకట్టు చిన్న రైతు గతేమిటన్నది అక్కడా తేలని ప్రశ్నే. కృష్ణా జలాల పంపకానికి 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ చుట్టూ ఇంకా తిరుగుతున్న రెండు రాష్ట్రాలకు మాత్రం ఆ చట్టాన్ని లోతుగా చదివినవారు అవసరం. గనుల విషయంలో అక్కడ 1992 మాబో తీర్పు, దాని వెంట వచ్చిన 1993 నేటివ్ టైటిల్ చట్టం ఆదివాసీలకు గనుల కంపెనీలతో బేరమాడే హక్కునిచ్చాయి. మన సుప్రీంకోర్టు 1997లో సమత తీర్పులో, అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంత గనుల వివాదంలో, ఐదో షెడ్యూలు భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడాన్నే నిషేధించింది. ఒకటి బేరం పెట్టే దారి, ఇంకొకటి అడ్డుగోడ కట్టే దారి. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి రాసిన పరిశోధన పాడేరుకో భద్రాచలానికో పనికొచ్చినంతగా మెల్‌బోర్న్‌కు పనికిరాదు.

ఇలాంటి ప్రశ్న పట్టుకున్నవారు కోర్సు ఎల్‌ఎల్‌ఎం కంటే పరిశోధన పట్టాల వైపు చూడటం మంచిది. ఆస్ట్రేలియా ప్రభుత్వ రీసెర్చ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ కింద విదేశీ విద్యార్థులకూ ఫీజు మినహాయింపు, జీవన భృతి దొరికే అవకాశం ఉంది. పోటీ గట్టిగా ఉంటుంది, మంచి ప్రతిపాదన రాయగలగాలి. పరిశోధన పట్టాల వారికి 485 వీసా వయోపరిమితి 50 ఏళ్లు. ఈ దారి గురించి ఏజెంట్లు చెప్పకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు: ఫీజు లేని చోట కమీషన్ ఉండదు.

వృత్తిపరంగా మరో అవసరం పెరుగుతోంది. ఆస్ట్రేలియాలో తెలుగు కుటుంబాలు పెరిగేకొద్దీ రెండు దేశాల చట్టాల మధ్య నలిగే కేసులూ పెరుగుతాయి. అక్కడ 1975 కుటుంబ చట్టం ప్రకారం పన్నెండు నెలలు విడిగా ఉంటే, తప్పెవరిదన్న విచారణ లేకుండా విడాకులు వస్తాయి. అలాంటి విదేశీ డిక్రీ హిందూ వివాహ చట్టంలోని కారణాలపై రాకపోతే, ఎదుటి పక్షం ఇష్టపడి ఆ కోర్టు పరిధిని అంగీకరించకపోతే, ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లి కేసులోనే చెప్పింది. అక్కడ విడాకులైనవారు ఇక్కడ ఇంకా భార్యాభర్తలే. పిల్లల అపహరణపై 1980 హేగ్ ఒప్పందంలో ఆస్ట్రేలియా ఉంది, భారత్ లేదు. డబ్బు తీర్పులదీ ఇదే ఇబ్బంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద బ్రిటన్, సింగపూర్, యూఏఈ, న్యూజిలాండ్ కోర్టుల డిక్రీలను ఇక్కడ నేరుగా అమలు చేయించుకోవచ్చు. ఆ జాబితాలో ఆస్ట్రేలియా లేదు కనుక సిడ్నీలో గెలిచినవారు విజయవాడలో మళ్లీ దావా వేయాలి. ఈ రెండు చట్టాలూ తెలిసిన లాయరుకు అక్కడి జాబితాలో పేరు లేకపోయినా పని ఉంటుంది. విదేశీ లాయరుగా నమోదు, గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఒక ఆఫీసు, రెండూ కలిస్తే చాలు.

ప్రభుత్వాలు చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడుకున్నవి కావు. తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా ఇస్తుంది. ఇలాంటి విదేశీ విద్యా పథకాలు సాధారణంగా మార్కులు, కుటుంబ ఆదాయం, విశ్వవిద్యాలయం స్థాయి చూస్తాయి. న్యాయవిద్య దరఖాస్తు వస్తే కోర్సు ఎన్ని వారాలది, తిరిగొచ్చాక ఇక్కడ సమానత్వం ఉందా, పరిశోధన భాగమెంత అన్నవి కూడా చూడాలి. లేకుంటే ప్రజల సొమ్ముతో పాటు ఆ విద్యార్థి కుటుంబం దానికి కలిపిన అప్పు కూడా వృథా అవుతుంది. ఏజెంట్ల విషయంలో ఆస్ట్రేలియా తన 2018 నేషనల్ కోడ్ ద్వారా విశ్వవిద్యాలయాలు నియమించుకున్న ఏజెంట్లపై నిఘా బాధ్యతను వాటి మీదే పెట్టింది. మన వైపు పంజాబ్ 2012లోనే చట్టం చేసి వీసా కన్సల్టెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ చట్టం అక్కడి మోసాలన్నిటినీ ఆపలేదు, అయినా ఫిర్యాదు చేయడానికి ఒక అధికారిని చూపించింది. అమీర్‌పేటలో, బెంజ్‌సర్కిల్‌లో బోర్డులు పెట్టుకున్న కన్సల్టెన్సీలపై ఆ పాటి అదుపైనా ఉండాలి.

అసలు బేరం జరగాల్సింది ఢిల్లీ, కాన్‌బెర్రాల మధ్య. సమగ్ర ఆర్థిక సహకార ఒప్పందం కోసం చర్చలు సాగుతున్నాయి. ఐటీ, పాడి, వైన్ గురించి మాట్లాడుకునే ఆ బల్ల మీద న్యాయసేవల ప్రస్తావన వచ్చినప్పుడు భారత్ దాన్ని బార్ కౌన్సిల్ అభ్యంతరాల జాబితాగానే చూస్తుంది. అడగదగినవి మూడున్నాయి. ప్రీస్ట్‌లీ సబ్జెక్టుల్లో మన ఐదేళ్ల, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలకు ఏవి సరిపోతాయో ఒక ఉమ్మడి పట్టిక ముందే ప్రచురించాలి, అప్పుడు ఉస్మానియా విద్యార్థైనా ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థైనా ఫీజు కట్టకముందే తన లోటు తెలుసుకుంటాడు. కెనడా తరహాలో ఆ లోటు పూడ్చే రెండేళ్ల ఎల్‌ఎల్‌ఎంను ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు రూపొందించాలి. 92 వారాల షరతు దానంతటదే తీరుతుంది. 2026కు కొత్త విదేశీ విద్యార్థుల సంఖ్యను 2.95 లక్షలకు పరిమితం చేసుకున్న దేశానికి, వచ్చేవారిలో ఎవరు ఏ వృత్తికి పోతారో ముందే తెలిసే కోర్సు పరిపాలన పరంగానూ సుఖమే. మూడోది, సెక్షన్ 44ఎ జాబితాలో ఆస్ట్రేలియాను చేర్చి, మన డిక్రీలకు అక్కడ అదే గౌరవం పొందడం. మొదటి రెండింటికి బార్ కౌన్సిల్ కూడా ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. బహుశా 60 రోజుల గడువును 90కి పెంచడం, విదేశీ ఏడాది ఎల్‌ఎల్‌ఎంపై ఐదేళ్లకు పైగా నానుతున్న తన నిబంధనను తేల్చడం. మూడోదానికి మాత్రం బార్ కౌన్సిల్ అనుమతి అక్కర్లేదు. ఆస్ట్రేలియా అంగీకారం, కేంద్రం గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ సరిపోతాయి.